వడ్రంగి పెట్టెలో లెక్కల పుస్తకం

మా నాయన వడ్రంగి. ఆయన పనిముట్ల పెట్టెలో ఉలులు, చిత్రిక, మూలమట్టం, రంపాలతో పాటు అరచేయంత పుస్తకం ఒకటి ఉంటుంది. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది. లోపల కథ లేదు, బొమ్మ లేదు, అన్నీ అంకెలే. ఎడమ పక్కన దుంగ చుట్టుకొలత, పైన పొడవు, ఆ రెండూ కలిసే గడిలో ఎన్ని ఘనపుటడుగుల కలపో ఉంటుంది. డిపోల్లో దీన్ని రెడీ రెకనర్ అంటారు. మా నాయన మాత్రం "లెక్క పుస్తకం" అంటాడు.

పోయిన ఏడాది ఆయన ఒక ఇంటికి ద్వారబంధాలు, తలుపులు చేసే పని ఒప్పుకున్నాడు. ఎప్పుడూ కొనే డిపోలో టేకు దుంగ ఘనపుటడుగు 2,000 రూపాయలు. ఇంకో డిపోలో 1,800 అన్నారు. అడుగుకు 200 మిగులుతుంది కదా అని అక్కడికి పోయాడు. దుంగ చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు. మా నాయన పుస్తకం ప్రకారం అది 10 ఘనపుటడుగులు. అంటే 18,000 రూపాయలు కావాలి. బిల్లు మాత్రం 22,932 రూపాయలకు వచ్చింది. వాళ్ల పుస్తకంలో అదే దుంగ 12.74 ఘనపుటడుగులట. అప్పటికే దుంగ బండికి ఎక్కించేశారు. డబ్బు కట్టి వచ్చేశాడు. పాత డిపోలోనే కొనివుంటే అదే కొలత దుంగ 20,000కు వచ్చేది. ఇంటివాళ్లతో ధర ముందే మాట్లాడుకున్నాడు కాబట్టి ఆ తేడా అంతా ఆయన కూలిలోనే పోయింది.

"వాళ్లు మోసం చేసినారా నాయనా?" అని అడిగాను.

"ఏమో పాపా. మనది పుస్తకమే, వాళ్లదీ పుస్తకమే. అచ్చులో ఉన్నదాన్ని తప్పని నేనెట్ల అనేది?" అన్నాడు.

మరుసటి రోజు ఆ పుస్తకం, ఆ బిల్లు తీసుకుపోయి మా లెక్కల సార్‌కు చూపించాను. ఆయన రెండూ చూసి, "రెండింటిలోనూ అచ్చుతప్పు లేదమ్మా. వెనక ఉన్న సూత్రాలు వేరు. ఇలాంటి పుస్తకాలు ఎప్పుడు, ఎందుకు పుట్టాయో తెలుసుకో, నీకే అర్థమవుతుంది" అన్నారు. అలా తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

రంపానికి ఒక అధ్యాయం

కలప లెక్కలు ఇంగ్లీషువాళ్లు తెచ్చినవని నేను అనుకునేదాన్ని. అది సరి కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో గణిత అధ్యాయం ఉంది. అందులో ఎనిమిది వ్యవహారాలు, అంటే నిత్యజీవితంలో పనికొచ్చే ఎనిమిది రకాల లెక్కలు చెప్పాడు. గుంత తవ్వకం ఒకటి, ఇటుకల పేర్పు ఒకటి, ధాన్యపు రాశి ఒకటి. వాటి మధ్య రంపం లెక్క కూడా ఒకటి ఉంది. సంస్కృతంలో రంపాన్ని క్రకచం అంటారు. అందుకే ఆ భాగానికి క్రకచ వ్యవహారం అని పేరు.

తర్వాత క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. ఈయన మన కర్ణాటకకు చెందినవాడే. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుని కాలంవాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటం ఇప్పుడు కలబురగి జిల్లాలో ఉన్న మళఖేడ. కన్నడ సార్ పాఠంలో కవిరాజమార్గం గురించి చెప్పినప్పుడు విన్న నృపతుంగుడే ఈయన. ఆ రాజు కాలంలో పుట్టిన లెక్కల పుస్తకంలోనూ కోతపని లెక్క ఉంది. మహావీరాచార్యుడు అక్కడ చెట్ల పేర్లు కూడా చెప్తాడు. వాటిలో టేకు, మద్ది ఉన్నాయి. మా నాయన ఈరోజు కోసే చెట్లే అవి!

అందరికీ బాగా తెలిసిన పుస్తకం భాస్కరాచార్యుని లీలావతి. ఇది 1150 నాటిది. ఇందులో రంపం లెక్క ఇలా ఉంటుంది. ఒక దుంగ మొదట్లో మందం 20 అంగుళాలు, చివర 16 అంగుళాలు, పొడవు 100 అంగుళాలు. దాన్ని నిలువునా నాలుగు కోతలు కోశారు. కోత మొత్తం ఎంత?

దుంగ ఒక పక్క లావుగా, ఇంకో పక్క సన్నగా ఉంది కాబట్టి ముందు సగటు తీయాలి. 20, 16 కలిపితే 36, అందులో సగం 18. దాన్ని పొడవుతో గుణిస్తే 1,800. నాలుగు కోతలు కాబట్టి 7,200 చదరపు అంగుళాలు. దీన్ని 576తో భాగించాలి. జవాబు పన్నెండున్నర.

576 ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. ఆ కాలంలో 24 అంగుళాలు ఒక మూర. ఎనిమిది యవగింజలను పక్కపక్కన పేరిస్తే ఒక అంగుళం. అంటే ఇది మన టేపు మీది అంగుళం కాదు, వేలి వెడల్పుతో వచ్చిన అంగుళం. 24ను 24తో గుణిస్తే 576 కాబట్టి జవాబు పన్నెండున్నర చదరపు మూరలు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. భాస్కరుడు కలప ఎంత ఉందని అడగలేదు, రంపం ఎంత మేర నడిచిందని అడిగాడు. అందుకే ఘనపరిమాణం కాక వైశాల్యం కట్టాడు. ఇది కొనేవాడి లెక్క కాదు, కోసేవాడి కూలి లెక్క. మా అబ్బ కాలంలో కోత మిల్లు లేనప్పుడు దుంగను ఎత్తు మీద పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగేవాళ్లట. కిందివాడి కళ్లలో పొట్టు పడేదట. కోత ఎంత మేర సాగితే వాళ్ల కష్టం అంత.

ఈ లెక్కలో మా నాయనకు ఇంకో సంగతి కనిపించింది. "నాలుగు కోతలు వేస్తే పలకలు ఐదు వస్తాయి పాపా. కోతల లెక్క వేరు, పలకల లెక్క వేరు. కొత్తగా పనికి వచ్చే పిల్లోళ్లు ఇక్కడే తప్పుతారు" అన్నాడు. నేను నోటుబుక్కులో ఐదుతో గుణించి తప్పు చేసిన తర్వాతే ఆ మాట చెప్పాడు!

రంపం లెక్క ముగిసేచోట భాస్కరుడు ఒక మంచి మాట చెప్పాడు. ఇటుక పేర్పుకైనా, తవ్వకానికైనా, కోతకైనా కూలి ఎంతన్నది పనివాళ్లతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని బట్టి, వస్తువు మెత్తదా గట్టిదా అన్నదాన్ని బట్టి ఉంటుందని దాని భావం. అంటే సూత్రం కొలతను మాత్రమే చెప్తుంది. ధర మనుషులు మాట్లాడుకుని తేల్చుకోవాలి. దాదాపు 870 ఏళ్ల కిందటి ఈ మాట మా నాయన బిల్లుకు కూడా సరిపోతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

లెక్కలు తెలుగులోకి వచ్చాయి

మంచి పుస్తకం ఉన్నా అది తెలిసిన భాషలో లేకపోతే పనివాడికి ఏం లాభం? మహావీరుని గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా రాశాడు. ఇది 11వ శతాబ్దం ప్రాంతం నాటిది. తెలుగులో మనకు దొరికే తొలి గణిత గ్రంథం ఇదేనని సాహిత్య చరిత్రకారులు చెప్తారు. మల్లన మక్కికి మక్కి అనువాదం చేయలేదు. తెలుగువాళ్లకు తగినట్టు మార్చి, తన ఉదాహరణలు కూడా చేర్చాడు. కన్నడ దేశంలో పుట్టిన సంస్కృత గ్రంథం తెలుగు పద్యమయింది. రెండు భాషల మధ్య బతికే మాలాంటి పిల్లలకు ఇది గర్వంగా ఉంటుంది.

లీలావతిని 1587లో అక్బరు కొలువులోని ఫైజీ పారసీలోకి మార్చాడు. 1817లో కోల్‌బ్రూక్ ఇంగ్లీషులో అచ్చు వేశాడు. మహావీరుని పుస్తకాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించారు. ఇలా చేతిరాతలో ఉన్నవి అచ్చుకెక్కాయి కాబట్టే ఈరోజు మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

ఇంగ్లాండులో పట్టికల పుస్తకాలు

అచ్చుయంత్రం వచ్చాక ఇంగ్లాండులో వడ్రంగుల కోసమే పుస్తకాలు రావడం మొదలయింది. 1556లో లియొనార్డ్ డిగ్స్ టెక్టోనికన్ అనే పుస్తకం వేశాడు. అప్పట్లో పండితుల భాష లాటిన్. ఈయన మాత్రం భూమి కొలిచేవాళ్లు, వడ్రంగులు, తాపీవాళ్లు చదవగలిగేట్టు ఇంగ్లీషులో రాశాడు. మన మల్లన చేసిన పని లాంటిదే ఇది.

1792లో పీటర్ నికల్సన్ కార్పెంటర్స్ న్యూ గైడ్ అనే పుస్తకం రాశాడు. ఈయన స్కాట్లండులో ఒక రాతిపనివాడి కొడుకు, స్వయంగా చెక్కపని నేర్చుకున్నవాడు. ఉలి పట్టిన చెయ్యే కలం పట్టి రేఖాగణితం నేర్పింది. ఈ సంగతి చెప్తే మా నాయన రెండోసారి చదివించుకున్నాడు.

మా ఇంటి కథకు అసలు కారణం మాత్రం ఇంకొకాయన. ఆయన పేరు ఎడ్వర్డ్ హోపస్, లండనులో సర్వేయరు. 1736లో కలప కొలతల పట్టికలతో ఒక పుస్తకం వేశాడు. ఎంత తక్కువ చదువుకున్నవాడికైనా తేలికగా అర్థం కావాలన్నది దాని ఉద్దేశం. గుణించడం రానివాడు కూడా వేలు పెట్టి గడి వెతుక్కుంటే జవాబు దొరుకుతుంది. నూరేళ్లకు పైగా అది మళ్లీ మళ్లీ అచ్చయింది. ఆ కొలతకు ఆయన పేరే స్థిరపడి హోపస్ అడుగు అని పిలిచేవారు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో అది మన దేశానికి, బర్మా టేకు వ్యాపారానికి వచ్చింది. 1864లో మన దేశంలో అటవీ శాఖ ఏర్పడింది. అడవి దుంగల కొలతలోనూ ఈ పద్ధతే వాడుకలోకి వచ్చింది. మా నాయన పెట్టెలోని పుస్తకానికి ముత్తాత హోపస్ పట్టికలే అన్నమాట.

నాలుగు మడతల దారం

హోపస్ పద్ధతి చాలా సులువు. దుంగ చుట్టూ ఒక దారం చుట్టాలి. ఆ దారాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగో వంతు వస్తుంది. దాన్ని దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించాలి. అంతే. మా నాయన దుంగ చుట్టుకొలత 48 అంగుళాలు. నాలుగో వంతు 12 అంగుళాలు. 12 సార్లు 12 అంటే 144. పొడవు 10 అడుగులు కాబట్టి 1,440. చదరపు అడుగుకు 144 చదరపు అంగుళాలు కాబట్టి 144తో భాగిస్తే 10 ఘనపుటడుగులు.

అయితే ఇది దుంగ అసలు ఘనపరిమాణం కాదు. దీన్ని మేము క్లాసులో ఒక డబ్బాతో చూశాం. డబ్బా వ్యాసం 14 సెంటీమీటర్లు, చుట్టుకొలత 44. మనం చదువుకున్న సూత్రం ప్రకారం అడుగు వైశాల్యం 22/7 × 7 × 7, అంటే 154. నాలుగో వంతు పద్ధతిలో 11 × 11, అంటే 121 మాత్రమే. 154లో 121 అంటే 14 భాగాల్లో 11 భాగాలు. మిగతా 3 భాగాలు లెక్కలోకి రాలేదు.

ఇంతకూ 22/7 అనేది ఉజ్జాయింపు విలువే. లీలావతిలో భాస్కరుడు రెండు విలువలు ఇచ్చాడు. సూక్ష్మమైనది 3927/1250, అంటే 3.1416. స్థూలమైనది 22/7, ఇది మామూలు వ్యవహారానికి చాలని చెప్పాడు. వడ్రంగికి ఇదే చాలు.

మరి అవతలి డిపో వాళ్ల 12.74 ఎక్కడిది? వాళ్ల పుస్తకం కూడా 1,440 వరకూ అదే దారిలో పోతుంది. చివర 144కు బదులు 113తో భాగిస్తుంది. 144ను 14 భాగాలు చేసి 11 భాగాలు తీసుకుంటే దాదాపు 113 వస్తుంది. అంటే హోపస్ వదిలేసిన ఆ 3 భాగాలను 113 మళ్లీ కలుపుతుంది. 1,440ని 113తో భాగిస్తే 12.74. గుండ్రటి దుంగ అసలు ఘనపరిమాణం అదే.

అయితే హోపస్ కొలత తప్పా? తప్పు కాదు. గుండ్రటి దుంగ మొత్తం మనకు పలకగా రాదు. బెరడు పోతుంది, నాలుగు పక్కల చెక్కులు పోతాయి. ఆ నష్టానికి కొంత వదిలేయడమే ఆ పద్ధతి ఉద్దేశం. మా నాయన దుంగలోంచి నాలుగు మూలలూ నిండుగా ఉండే చదరపు దూలం తీస్తే ఎంత వస్తుందో కట్టి చూశాను. 8.1 ఘనపుటడుగులు మాత్రమే వచ్చింది. అంటే ఒకే దుంగకు మూడు జవాబులు. చెట్టుగా చూస్తే 12.74, హోపస్ పుస్తకంలో 10, నిండు దూలంగా 8.1. మూడూ నిజమే. ఏ జవాబు మీద ధర చెప్తున్నారో అడగాలి, అంతే.

ఇప్పుడు బిల్లు చూద్దాం. మొదటి డిపో 2,000 ధర 10 అడుగుల మీద. రెండో డిపో 1,800 ధర 12.74 అడుగుల మీద. రెండో డిపో ధరను హోపస్ అడుగులోకి మారిస్తే 2,293 రూపాయలు అవుతుంది. తక్కువనుకున్న ధర నిజానికి ఎక్కువ. భాస్కరుడు చెప్పిన ఒప్పందం ఇక్కడే జరగలేదు. ధర మాట్లాడుకున్నారు గాని అడుగు అంటే ఏ అడుగో మాట్లాడుకోలేదు.

మా నాయన తికమక పడడానికి ఇంకో కారణం కూడా ఉంది. కోసిన కలపకు 144 ఎప్పుడూ సరైనదే. 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 7 అడుగుల పొడవున్న ద్వారబంధపు చెక్కను తీసుకుంటే 4 × 3 × 7 = 84. దాన్ని 144తో భాగిస్తే 0.58 ఘనపుటడుగు. ఇందులో వాదం లేదు. రోజూ చేసే ఈ లెక్కలో 144 ఉంది కాబట్టి దుంగకు కూడా అదే ఉంటుందని ఆయన నమ్మాడు. చెక్క విషయంలో 144 అనేది గణితం, దుంగ విషయంలో అది ఆచారం. 1956లో చట్టం వచ్చి మన దేశం మీటర్లకు మారినా కలప వ్యాపారంలో అడుగులు ఇంకా పోలేదు. ఒక ఘనమీటరు 35.315 ఘనపుటడుగులు. అదే హోపస్ అడుగుల్లో అయితే 27.74 మాత్రమే. అక్కడ కూడా ఏ అడుగో అడగాల్సిందే.

ఈనాడు ఏ పుస్తకం దగ్గర ఉండాలి?

మొదటిది రెడీ రెకనర్. ఇది పనిలో తొందరకు ఉపయోగం. అయితే కొనేటప్పుడు మొదటి పేజీ చదవాలి. ఏ సూత్రంతో కట్టారో అక్కడ లేకపోతే 48 అంగుళాల చుట్టు, 10 అడుగుల పొడవు ఉన్న గడి చూడాలి. 10 ఉంటే నాలుగో వంతు పద్ధతి. 12.7 దగ్గర ఉంటే పూర్తి ఘనపరిమాణం. ఈ ఒక్క గడి గుర్తుంటే చాలు.

రెండోది ఐ.టి.ఐ. పిల్లలు చదివే వర్క్‌షాప్ కాలిక్యులేషన్ పుస్తకం. చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ ఇలాంటి పుస్తకాలు తయారు చేస్తుంది. భిన్నాలు, శాతాలు, వైశాల్యం, ఘనపరిమాణం అన్నీ పనికి ముడిపెట్టి ఉంటాయి.

మూడోది మన పదో తరగతి గణితం పుస్తకం. పైథాగరస్ సిద్ధాంతం మా నాయనకు పేరు తెలియదు. కానీ మూల సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు గుర్తుపెట్టి మధ్యన 5 వస్తుందా అని కొలుస్తాడు. ద్వారబంధానికి రెండు మూలల కొలతలూ సమానంగా ఉన్నాయా అని చూస్తాడు. మనం పరీక్షకు రాసేది ఆయన చెక్క మీద చేస్తున్నాడు. పరీక్ష అయిపోగానే ఆ పుస్తకాన్ని పాత సామాన్లవాడికి వేయకుండా ఇంట్లో ఉంచుకుంటే మంచిది.

మా నాయన పుస్తకానికి ఇప్పుడు నేను గట్టి అట్ట వేశాను. లోపల మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండు వరుసలు రాశాను: "దుంగకు 144 అంటే నాలుగో వంతు పద్ధతి. 113 అంటే దుంగ మొత్తం." దాని కింద మా నాయన తన చేత్తో ఇంకో వరుస చేర్చాడు. ఆయన తెలుగులో రాయగా నేను చూసి చాలా రోజులయింది. "ధర అడిగే ముందు ఏ లెక్కో అడుగు" అని రాసుకున్నాడు.

పోయిన నెల మళ్లీ దుంగ కొనడానికి పోతూ నన్ను కూడా తీసుకుపోయాడు. డిపోలో ధర చెప్పగానే మా నాయన కన్నడలో అడిగాడు, "నూట నలభై నాలుగా, నూట పదమూడా?" అని. అక్కడి గుమస్తా తలెత్తి మా నాయన వైపు ఒక క్షణం చూశాడు. తర్వాత కుర్చీ చూపించి, "కూర్చోండి మేస్త్రీ, చూసి చెప్తాను" అన్నాడు.